మోంట్సెరాట్ బెనెడిక్టైన్ మఠం, మరియమాత యాత్రాస్థలం: చరిత్ర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మోంట్సెరాట్ ఎక్కడ ఉంది? ఆ పేరుకు అర్థం ఏమిటి?

స్పెయిన్ ఈశాన్య భాగంలోని కాటలోనియాలో, బార్సిలోనా నగరానికి వాయవ్యంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో మోంట్సెరాట్ కొండ ఉంది. కాటలన్ భాషలో ఈ పేరుకు రంపపు పళ్ళ కొండ అని అర్థం. గులకరాళ్ళు, ఇసుక, మట్టి కలిసి గట్టిపడిన శిల యుగయుగాల గాలివానలకు అరిగి, నిలువు స్తంభాలుగా, వేళ్ళుగా, గుండ్రని బోడిగుండ్లుగా విడిపోవడం వల్ల దూరం నుంచి చూసేవారికి ఆ శిఖరాల వరుస నిజంగానే రంపంలా కనిపిస్తుంది. వాటిలో అన్నిటికంటే ఎత్తైనది 1,236 మీటర్ల సంత్ జెరోని. మఠమూ ఆలయమూ సుమారు 720 మీటర్ల ఎత్తున, కొండచరియకు ఆనుకొని ఉన్న ఇరుకైన చోట ఉన్నాయి. ఆ స్థలం ఎంత ఇరుకైనదో గుర్తుంచుకుంటే, తరతరాలుగా అక్కడ కట్టిన ప్రతి కట్టడమూ పాతదాన్ని కొంత తొలగించో, దాని మీదనో ఎందుకు లేచిందో సులభంగా అర్థమవుతుంది.

ముందు వెలసినది మఠమా, యాత్రాస్థలమా?

ఇది చాలా మంచి ప్రశ్న. మోంట్సెరాట్ చరిత్రకు తాళంచెవి దీనికి వచ్చే జవాబులోనే ఉంది. స్థలపురాణం ప్రకారం, క్రీ.శ. 880లో ఒక శనివారం సాయంత్రం గొర్రెలు కాసుకునే పిల్లలకు ఆకాశం నుంచి కొండ మీదికి వెలుగు దిగిరావడం కనిపించింది, దానితో పాటు మధురమైన సంగీతమూ వినిపించింది. తరువాతి శనివారాల్లోనూ అదే జరగడంతో పెద్దలు వచ్చారు, ఆపైన బిషప్పు వచ్చారు. వెతకగా ఒక గుహలో మరియమాత ప్రతిమ దొరికింది. దాన్ని మన్రేసా పట్టణానికి ఊరేగింపుగా తీసుకువెళ్ళబోగా దారిలో కదలలేనంత బరువెక్కిందనీ, మాత ఈ కొండనే తన నెలవుగా కోరుకున్నదని గ్రహించి అక్కడే గుడి కట్టారనీ చెబుతారు.

పత్రాలు చెప్పే చరిత్ర ఇంతకంటే క్లుప్తమైనది, అయినా దాని దిశ ఇదే. 888లో ఆ ప్రాంత పాలకుడైన కౌంట్ విల్‌ఫ్రెడ్ కొండ మీది చిన్న ఆరాధన స్థలాలను రిపోల్ మఠానికి దానంగా ఇచ్చాడు. అంటే అప్పటికే అక్కడ ప్రార్థనాలయాలు ఉన్నాయి. 945లో అదే కొండ మీద మరో చోట సంత సెసీలియా మఠం ఏర్పడింది. రిపోల్ మఠాధిపతిగానూ, విక్ బిషప్పుగానూ ఉన్న ఒలీబా సుమారు 1025లో మరియమాత గుడి దగ్గరికి కొందరు సన్యాసులను పంపి మఠాన్ని నెలకొల్పాడు. కాబట్టి ముందు గుడి, ఆ తరువాతే మఠం. మోంట్సెరాట్ సన్యాసులు భక్తులు వచ్చే చోట కాపురం పెట్టారు. ఈ వరుసను మరచి చదివితే తరువాతి వెయ్యేళ్ళ కథ విడివిడి సంఘటనల పట్టికలా మిగిలిపోతుందని నా నమ్మకం.

బెనెడిక్టైన్లు అంటే ఎవరు?

ఇటలీలోని నూర్సియాలో సుమారు 480లో జన్మించిన పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళిని అనుసరించే సన్యాసులనూ సన్యాసినులనూ బెనెడిక్టైన్లు అంటారు. 73 అధ్యాయాల ఆ చిన్న గ్రంథం సన్యాసుల దినచర్యను సామూహిక ప్రార్థనకూ, శరీర శ్రమకూ, పవిత్ర గ్రంథ పఠనానికీ పంచుతుంది. ఒక మఠంలో చేరినవారు జీవితాంతం ఆ మఠానికే కట్టుబడి ఉంటారు. మోంట్సెరాట్ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది 53వ అధ్యాయం. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తునే ఆహ్వానించినట్టు ఆహ్వానించాలనీ, పేదలనూ యాత్రికులనూ మరింత శ్రద్ధతో చూడాలనీ బెనెడిక్ట్ అందులో ఆదేశించాడు. అతిథి దేవుడితో సమానమనే మాట వింటూ పెరిగిన మనకు ఈ నియమం పరాయిదిగా తోచదు. మోంట్సెరాట్‌లో దాన్ని ఏటా లక్షలాదిగా వచ్చే జనం విషయంలో పాటించవలసి రావడమే అక్కడి సన్యాస జీవితాన్ని మలిచింది.

మాత విగ్రహం ఎంత పాతది? అది నల్లగా ఎందుకు ఉంటుంది?

విగ్రహాన్ని సువార్తికుడైన లూకా యెరూషలేములో చెక్కాడనీ, పేతురు స్పెయిన్‌కు తెచ్చాడనీ ఒక ప్రాచీన కథ ఉంది. కళా చరిత్రకారులు మాత్రం శైలిని బట్టి దీన్ని 12వ శతాబ్దం చివరిదిగా నిర్ణయించారు. కొయ్యతో చెక్కి బంగారు పూత పూసిన ఈ ప్రతిమ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. సింహాసనం మీద కూర్చున్న మరియమాత ఒడిలో బాలయేసు ఉంటాడు. మాత కుడిచేతిలో భూమండలాన్ని సూచించే గోళం ఉంటుంది. బాలయేసు కుడిచేత్తో ఆశీర్వదిస్తూ, ఎడమచేతిలో దేవదారు కాయను పట్టుకొని ఉంటాడు.

ముఖమూ చేతులూ నల్లగా ఉండడం వల్ల కాటలన్ ప్రజలు ఆమెను ముద్దుగా మొరెనేతా అని పిలుస్తారు. ‘చిన్ని నల్లమ్మ’ అంటే ఆ పిలుపులోని చనువు మనకు తెలుస్తుంది. తొలి రోజుల్లో విగ్రహం రంగు ఇది కాదు. రంగు మీద పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ నల్లబడింది, శతాబ్దాల పాటు ఎదుట వెలిగిన కొవ్వొత్తుల పొగ దానికి తోడైంది. జనం మనసులో మాత నల్లని తల్లిగానే స్థిరపడ్డాక, మరమ్మతు చేసినవారు కూడా ఆ నలుపునే నిలిపారు. ఇంతమంది చేతుల మీదుగా, దీపాల మీదుగా వచ్చిన రంగును లోపంగా భావించి తుడిచివేయకపోవడం సరైన నిర్ణయమే.

మధ్యయుగంలో యాత్రికులు అక్కడ ఏం చేసేవారు?

12, 13 శతాబ్దాల్లో మాత మహిమల గురించిన కథలు స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా అంతటా వ్యాపించడంతో, బార్సిలోనా నుంచీ దూరప్రాంతాల నుంచీ జనం కాలినడకన కొండ ఎక్కి వచ్చేవారు. మొక్కు తీర్చుకునేవారు, రోగులు, ఓడ మునిగినా ప్రాణాలతో బయటపడినవారు, పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) చేయదలచినవారు అందరూ వచ్చేవారు. చీకటి పడేసరికి కొండ దిగడం సాధ్యం కాదు కాబట్టి గుడిలోనే రాత్రంతా జాగరణ చేసేవారు. జాగరణలో నిద్ర ముంచుకు రాకుండా ఉండాలంటే పాట కావాలి, ఆట కావాలి. అయితే ఊళ్ళలో పాడే పాటలన్నీ గుడికి తగినవి కావు.

ఈ చిక్కుకు సన్యాసులు కనుగొన్న పరిష్కారం వల్లనే యూరప్ సంగీత చరిత్రకు ఒక అమూల్యమైన రాతప్రతి దక్కింది. సుమారు 1399 నాటి ఆ సంకలనాన్ని లిబ్రే వెర్మెల్, అంటే ఎర్ర పుస్తకం అంటారు. 19వ శతాబ్దంలో వేసిన ఎర్రని మఖమలు అట్ట వల్ల ఆ పేరు వచ్చింది. యాత్రికులు రాత్రి జాగరణలో గుడి లోపలా, పగటిపూట ముంగిట్లోనూ పాడి ఆడాలని కోరుకుంటారనీ, అక్కడ మర్యాదైన భక్తిగీతాలే తగినవి కాబట్టి వాటిని ఇక్కడ రాసి ఉంచుతున్నామనీ అందులో స్పష్టంగా పేర్కొన్నారు. నేటికి మిగిలినవి 10 పాటలు. లాటిన్‌తో పాటు జనం మాట్లాడే కాటలన్‌లోనూ, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతపు ఆక్సిటన్ భాషలోనూ ఇవి ఉన్నాయి. కొన్నిటిని వలయంగా తిరుగుతూ ఆడాలన్న సూచన కూడా ఉంది. చివరిది మృత్యువు ఎవరినీ విడువదని హెచ్చరించే పాట. భక్తుల ఆటపాటలను నిషేధించే బదులు, వాటికి తగిన పాటలు అందించాలని ఆలోచించిన ఆ పేరు తెలియని సన్యాసుల ఔదార్యం ఈ మఠం చరిత్రలో నాకు అన్నిటికంటే ఆప్తమైన ఘట్టం.

మోంట్సెరాట్ స్వతంత్ర మఠంగా ఎప్పుడు మారింది?

దాదాపు నాలుగు శతాబ్దాలు రిపోల్ మఠానికి లోబడి ఉన్న తరువాత, 1409లో మోంట్సెరాట్ సొంత మఠాధిపతిగల స్వతంత్ర మఠమైంది. 1476లో గోతిక్ శైలిలో మండప ప్రాంగణాన్ని నిర్మించారు. 1493లో ఫెర్డినాండ్ రాజు వల్యాదోలిద్ మఠం నుంచి 14 మంది సన్యాసులను రప్పించి సంస్కరణ చేపట్టాడు. వారికి నాయకుడైన గార్సియా హిమెనెస్ దె సిస్నేరోస్ 1499లో కొండ మీద ముద్రణాలయాన్ని నెలకొల్పాడు. ధ్యానాన్ని క్రమపద్ధతిలో ఎలా సాగించాలో చెప్పే ఆయన సొంత గ్రంథం 1500లో అక్కడే అచ్చయింది. మఠం పేరున నేటికీ ప్రచురణ సంస్థ నడుస్తూ, కాటలన్ భాషలో పుస్తకాలు వెలువరిస్తోంది.

ఇగ్నేషియస్ లయోలాకు ఈ స్థలంతో ఉన్న సంబంధం ఏమిటి?

1521లో పంప్లోనా కోట రక్షణలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడు ఇగ్నేషియస్, మంచం మీద ఉన్నప్పుడు చదివిన పునీతుల చరిత్రలతో మనసు మారి, 1522 మార్చిలో మోంట్సెరాట్‌కు వచ్చాడు. తన గత జీవితాన్నంతా కాగితం మీద రాసుకొని మూడు రోజుల పాటు ఒక సన్యాసి ఎదుట పాపసంకీర్తనం చేశాడు. మార్చి 24 రాత్రి తన విలువైన బట్టలను ఒక నిరుపేదకు ఇచ్చివేసి, గోనెగుడ్డ వంటి ముతక వస్త్రం ధరించి, కత్తినీ బాకునూ మాత పీఠం దగ్గర విడిచిపెట్టి, కాసేపు నిలబడీ కాసేపు మోకరిల్లీ జాగరణ చేశాడు. కొత్తగా దీక్ష పొందే యోధులు ఆయుధాలను ఎదుట పెట్టుకొని రాత్రంతా మేల్కొనే ఆచారాన్ని ఆయన అలా తలకిందులు చేశాడు.

తెల్లవారుజామున మన్రేసాకు బయలుదేరిన ఆయనను ఒక మనిషి దారిలో కలుసుకొని, ఆ బట్టలు నిజంగా మీరే ఇచ్చారా అని అడిగాడు. ఆ నిరుపేదను దొంగగా అనుమానించి పట్టుకున్నారని తెలిసి ఇగ్నేషియస్ కన్నీరు పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆయన స్థాపించిన యేసుసభ సభ్యులే జెస్విట్లు. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల, సికింద్రాబాద్‌లోని లయోలా అకాడమీ పేర్లలో మనం పలికే లయోలా ఈయనే. ఆ కళాశాలల్లో చదివిన తెలుగువారికి ఈ కొండ తెలియకుండానే కొంత చుట్టమైంది.

కరీబియన్ సముద్రంలోని మోంట్సెరాట్ ద్వీపానికీ ఈ కొండకూ సంబంధం ఉందా?

ఉంది. 1493లో తన రెండవ ప్రయాణంలో కొలంబస్ ఆ ద్వీపానికి ఈ మాత పేరు పెట్టాడు. అదే ప్రయాణంలో ఆయన వెంట వెళ్ళిన బెర్నాత్ బోయిల్ అంతకుముందు మోంట్సెరాట్ కొండ మీద ఏకాంతవాసిగా జీవించినవాడు.

ఇప్పుడు కనిపించే భవనాలు ఎంత పాతవి?

వెయ్యేళ్ళ మఠమని విని వచ్చినవారు ఇక్కడ కొంత నిరాశ చెందుతారు. ఒలీబా నాటి గుడి మిగలలేదు. పాత రోమనెస్క్ ద్వారం, గోతిక్ ప్రాంగణంలో కొంత భాగం మాత్రమే మధ్యయుగపు జ్ఞాపకాలుగా నిలిచాయి. యాత్రికుల రద్దీకి పాత గుడి చాలక 1560లో ప్రారంభించిన పెద్ద ఆలయాన్ని 1592 ఫిబ్రవరి 2న ప్రతిష్ఠించారు. ఆ ఆలయమే, ఎన్నో మార్పులతో, ఇప్పటి బసిలికా.

అసలైన విధ్వంసం నెపోలియన్ యుద్ధకాలంలో జరిగింది. కొండను సైనిక స్థావరంగా వాడుకుంటున్న స్పానిష్ దళాలను తరిమివేసిన ఫ్రెంచి సైన్యాలు 1811, 1812లలో మఠాన్ని తగులబెట్టి, పేల్చివేశాయి. గ్రంథాలయం, దస్తావేజులు, శతాబ్దాల కానుకలు చాలావరకు నాశనమయ్యాయి. శిఖరాల నడుమ ఏకాంతవాసులు నివసించిన కుటీరాలు కూడా పాడుబడ్డాయి. విగ్రహాన్ని ముందే దాచిపెట్టడం వల్ల అది దక్కింది. ఎర్ర పుస్తకం దక్కడం మరింత ఆశ్చర్యకరం: అది అప్పటికి బార్సిలోనాలోని ఒక ప్రభువు ఇంట్లో అరువుగా ఉండిపోయింది. తిరిగి ఇవ్వకపోవడం వల్ల ఒక పుస్తకం బతికిన సందర్భాలు గ్రంథాలయ చరిత్రలో అరుదు.

తేరుకోకముందే మరో దెబ్బ తగిలింది. 1835లో స్పెయిన్ ప్రభుత్వం మఠాలను మూసివేసి ఆస్తులను స్వాధీనం చేసుకోవడంతో సన్యాసులు చెదిరిపోయారు. 1844లో తిరిగి వచ్చినవారికి దక్కినవి శిథిలాలే. 1858లో మఠాధిపతి అయిన మికెల్ ముంతాదాస్ పునర్నిర్మాణానికి పూనుకున్నాడు. ఇప్పుడు ముంగిట్లో నిలబడి చూసే మఠం ముఖభాగమైతే 20వ శతాబ్దపుది, వాస్తుశిల్పి ఫ్రాన్సెస్క్ ఫొల్గేరా రూపొందించినది. రాళ్ళ వయసును బట్టి లెక్కిస్తే మోంట్సెరాట్ కొత్తది. ఆ రాళ్ళను పదేపదే ఎందుకు పేర్చారో చూస్తేనే దాని ప్రాచీనత బోధపడుతుంది. యాత్రికులు రావడం మానలేదు కాబట్టి వారిని ఆహ్వానించే ఇల్లు మళ్ళీ మళ్ళీ లేవవలసి వచ్చింది.

కాటలన్ ప్రజలు దీన్ని తమ జాతి గుండెగా ఎందుకు భావిస్తారు?

విగ్రహం దొరికిందని చెప్పే 880ని ఆధారం చేసుకొని 1880–81లో వెయ్యేళ్ళ ఉత్సవాలు జరిగాయి. ఆ సందర్భంలో పోప్ 13వ లియో మోంట్సెరాట్ మాతను కాటలోనియాను కాపాడే పాలక పునీతగా ప్రకటించాడు. 1881 సెప్టెంబర్ 11న విగ్రహానికి కిరీటధారణ జరిగింది. కవి జసింత్ వెర్దగేర్ రాసిన విరొలాయ్ అనే స్తుతిగీతం ఆ ఉత్సవాల కోసమే పుట్టింది. కాటలన్ భాష సాహిత్యంగా మళ్ళీ చిగురిస్తున్న రోజులవి. అలా భాషాభిమానమూ భక్తీ ఒకే పాటలో కలిశాయి.

అంతర్యుద్ధం (1936–39) తరువాత స్పెయిన్‌ను ఏలిన ఫ్రాంకో నియంతృత్వంలో కాటలన్ భాషను బహిరంగ జీవితం నుంచి నెట్టివేసినప్పుడు ఈ బంధం మరింత గట్టిపడింది. 1947 ఏప్రిల్ 27న మాతను కొత్త సింహాసనం మీద ప్రతిష్ఠించే ఉత్సవానికి వేలాది జనం తరలివచ్చారు. అక్కడ కాటలన్ భాష మళ్ళీ బహిరంగంగా వినిపించింది, నిషిద్ధమైన కాటలన్ జెండా కొండ శిఖరాన ఎగిరింది. 1963లో మఠాధిపతి ఔరేలి ఎస్కర్రే ఒక ఫ్రెంచి పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, క్రైస్తవ రాజ్యమని చెప్పుకునే ప్రభుత్వం క్రైస్తవ సూత్రాలను పాటించడం లేదని విమర్శించాడు. ఫలితంగా 1965లో ఆయన దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. 1970 డిసెంబర్‌లో, బుర్గోస్ సైనిక న్యాయస్థానంలో, ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ జాతి ఉద్యమకారులపై మరణశిక్షలు కోరుతూ సాగిన విచారణకు నిరసనగా సుమారు 300 మంది రచయితలు, కళాకారులు మఠంలో చేరి తలుపులు వేసుకున్నారు. మఠం వారికి ఆశ్రయమిచ్చింది. ఎస్కర్రే కూడా అంతర్యుద్ధం తరువాతి తొలి ఏళ్ళలో ఫ్రాంకోను ఆ కొండ మీద స్వాగతించినవాడే అని గుర్తుంచుకోవాలి. ఆ మార్పు ఒక్కరోజులో రాలేదు.

అంతర్యుద్ధంలో మఠానికి ఏమైంది?

1936 జూలైలో యుద్ధం మొదలవగానే కాటలోనియాలో చర్చిల మీద దాడులు చెలరేగాయి. కాటలన్ ప్రభుత్వం మఠాన్ని తన అధీనంలోకి తీసుకోవడం వల్ల భవనాలు కాలిపోకుండా నిలిచాయి, సన్యాసులు కొండ దిగి వెళ్ళిపోగలిగారు. అయినా వారిలో 23 మంది హతులయ్యారు. యుద్ధం చివరి దశలో మఠం సైనిక ఆసుపత్రిగా పనిచేసింది. 1939లో సన్యాసులు తిరిగి వచ్చారు. హతులైనవారిలో పలువురిని 2013లో తర్రగోనాలో ధన్యులుగా (పునీత హోదాకు ముందు మెట్టు) ప్రకటించారు.

క్రీస్తు కడరా విందులో వాడిన పాత్రను ఇక్కడ దాచారన్నది నిజమా?

అందుకు ఆధారమేదీ లేదు. 1940 అక్టోబర్ 23న నాజీ నాయకుడు హిమ్లర్ మోంట్సెరాట్‌ను సందర్శించడం చారిత్రక వాస్తవం. ఆ పాత్ర కోసమే ఆయన వచ్చాడన్న ప్రచారంతో ఈ ఊహ మరింత వ్యాపించింది. అక్కడి యాత్రికుల భక్తికీ ఈ కథకూ ఏ సంబంధమూ లేదు.

ఎస్కొలానియా అంటే ఏమిటి?

మఠంలోనే నివసిస్తూ చదువుకునే బాలగాయకుల బృందం అది. మధ్యయుగపు పత్రాల్లోనే దాని ప్రస్తావన ఉండడం వల్ల యూరప్‌లోని అతి ప్రాచీన బాలగాయక పాఠశాలల్లో ఒకటిగా దాన్ని గుర్తిస్తారు. 18వ శతాబ్దపు స్వరకర్త అంతోని సొలేర్, గిటార్ సంగీతంలో చిరస్మరణీయుడైన ఫెర్నాండో సోర్ ఇక్కడే సంగీతం నేర్చుకున్నారు. పాఠశాల రోజుల్లో సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటకు ఈ పిల్లలు మాత స్తుతిని, విరొలాయ్‌ని ఆలపిస్తారు. ఆ వేళకు బసిలికా కిక్కిరిసిపోతుంది.

పూర్వం అంత కష్టమైన దారి ఎప్పుడు సులువైంది?

1892లో మోనిస్త్రోల్ నుంచి పళ్ళచక్రాల రైలు మొదలైంది. 1930లో తీగమార్గం (కేబుల్ కారు) వచ్చింది. రైలు 1957లో ఆగిపోయి, 2003లో కొత్త హంగులతో మళ్ళీ నడవసాగింది. విగ్రహం దొరికిందని చెప్పే పవిత్ర గుహకు మఠం నుంచి వేరే దారి ఉంది. జపమాల రహస్యాలను, అంటే జపమాల ప్రార్థనలో ధ్యానించే యేసు, మరియల జీవిత ఘట్టాలను చూపే శిల్పాలు ఆ దారి పొడవునా ఉంటాయి. వాటిలో క్రీస్తు పునరుత్థాన ఘట్టం రూపకల్పనలో వాస్తుశిల్పి గౌడీ పాలుపంచుకున్నాడు. ఇన్ని సౌకర్యాలు ఉన్నా, రాత్రంతా నడిచి సూర్యోదయానికి కొండ చేరే ఆనవాయితీని కాటలన్ యువత విడిచిపెట్టలేదు.

మఠం ఇటీవలి చరిత్రలో తెలుసుకోవలసినవి ఏమిటి?

2019లో మఠమే నియమించిన కమిషన్, అప్పటికి మరణించిన ఒక సన్యాసి దశాబ్దాల పాటు బాలురపై లైంగిక అకృత్యాలకు పాల్పడ్డాడని తేల్చింది. మఠాధిపతి బాధితులను క్షమాపణ కోరాడు. అతిథిని క్రీస్తుగా చూడాలన్న నియమం గల ఇంట్లో పిల్లలకు జరిగిన ఈ అన్యాయాన్ని దాటవేసి మఠం చరిత్ర చెప్పడం తగదు. 2025లో ఒలీబా స్థాపన నుంచి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని మఠం జరుపుకుంది.

నేడు మాత దర్శనం ఎలా జరుగుతుంది?

ఏప్రిల్ 27 మాత ప్రధాన పండుగ. ఆ రోజే కాక ఏడాది పొడవునా భక్తులు బసిలికా పక్క మెట్ల వరుస ఎక్కి, ప్రధాన పీఠానికి పైన ఉన్న చిన్న గదికి చేరుకుంటారు. విగ్రహం గాజు తెర వెనుక ఉంటుంది. మాత కుడిచేతిలోని గోళం ఒక్కటి మాత్రం గాజులోని రంధ్రం గుండా బయటికి ఉంటుంది. వరుసలో వచ్చినవారు దాన్ని తాకి, మరో చేతిని చాచి తమ కోరిక చెప్పుకొని, వెనుక ద్వారం గుండా కిందికి దిగుతారు. బయట రాతిగోడ వెంబడి కొవ్వొత్తులు వెలిగించే చోటు ఉంది.